పీసీ కేస్‌ని సూపర్‌హీరో థీమ్‌లోకి మార్చడం మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సినవి

కోతలు, రంధ్రాలు అన్నీ ఖాళీ కేస్ మీదే పూర్తి చేయండి. పార్టులు లోపల ఉండగా డ్రిల్ పెడితే ఇనుప రజను మదర్‌బోర్డ్ మీద పడుతుంది, ఆన్ చేయగానే షార్ట్ అవుతుంది. బోర్డ్, గ్రాఫిక్స్ కార్డ్ రెండూ పోవచ్చు. కోత అయ్యాక కేస్‌ని కడిగి, పూర్తిగా ఆరబెట్టి, అప్పుడే బిగించండి.

ఎల్ఈడీ స్ట్రిప్ వోల్టేజ్ చూడండి. ఒక్కో లైటు వేరే రంగులో వెలిగే మూడు పిన్నుల ఏఆర్‌జీబీది 5 వోల్టులు, స్ట్రిప్ అంతా ఒకే రంగులో వెలిగే నాలుగు పిన్నుల ఆర్‌జీబీది 12. 5 వోల్టుల స్ట్రిప్‌కి 12 ఇస్తే కాలిపోతుంది.

ముందు వైపు ముసుగో, బ్యాట్‌మ్యాన్ గుర్తో పెడుతున్నారా? ఫ్యాన్లకు గాలి వచ్చే దారి వదలండి. నిండుగా మూసేస్తే గేమ్ ఆడేటప్పుడు వేడెక్కి స్పీడ్ తగ్గిపోతుంది. నన్నడిగితే గుర్తుని పక్క ప్యానెల్ మీద పెట్టడమే మేలు, వెనక లైటు పడితే అక్కడే బాగా కనిపిస్తుంది.

త్రీడీ ప్రింట్ బొమ్మలు కేస్ లోపల పెట్టాలంటే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ వద్దు. సుమారు 60 డిగ్రీలకే మెత్తబడుతుంది. వేడిని ఇంకాస్త తట్టుకునే పీఈటీజీ ప్లాస్టిక్ వాడండి.

గ్రాఫిక్స్ కార్డ్ పొడవు, కూలర్ ఎత్తు కొలిచాకే అలంకరణకు చోటు లెక్కేయండి.

స్ప్రే పెయింట్‌కి ముందు గరుకు కాగితంతో రుద్ది ప్రైమర్ కొట్టండి, లేదంటే పెచ్చులూడుతుంది. పలచని పూతలే వేయండి. మదర్‌బోర్డ్ కూర్చునే చిన్న స్టాండాఫ్‌లకు, స్క్రూ మరలకు మాత్రం పెయింట్ పడకుండా టేపు అంటించాలి.

యాక్రిలిక్ ప్లాస్టిక్ ప్యానెల్ వాడితే దాని మీది రక్షణ ఫిల్మ్‌ని పనంతా అయ్యేదాకా తీయకండి. గీత పడితే పోగొట్టడం కష్టం.