సరుకు కొనే ముందే అమ్మి చూడండి

కొత్త బిజినెస్ ఐడియా గురించి "ఇలాంటిది వస్తే కొంటారా?" అని ఎవరినీ అడగకండి. మొహమాటానికి అందరూ కొంటామనే అంటారు, ముఖ్యంగా స్నేహితులు, చుట్టాలు. దాని బదులు, ఆ సమస్య చివరిసారి ఎప్పుడు వచ్చింది, అప్పుడేం చేశారు, ఎంత ఖర్చయింది అని అడగండి. ఇప్పటిదాకా దానికోసం డబ్బూ సమయమూ పెట్టని మనిషి రేపు మీ దగ్గర పెట్టడం కష్టమే.

తర్వాత నిజంగా అమ్మి చూడాలి. 1999లో నిక్ స్విన్‌మర్న్ ఆన్‌లైన్‌లో బూట్లు అమ్మాలనుకున్నప్పుడు ముందే సరుకు కొని పెట్టుకోలేదు. షాపుల్లో ఉన్న బూట్లకు ఫొటోలు తీసి సైట్‌లో పెట్టారు, ఆర్డర్ వచ్చాకే షాపులో కొని పంపారు. ఆన్‌లైన్‌లో బూట్లు అమ్మే అమెరికా కంపెనీ జాపోస్ మొదలైంది అలాగే. అలా అమ్మితే లాభం మిగలదు, నిజమే. కానీ తొడిగి చూడకుండా జనం బూట్లు కొంటారా లేదా అన్నది తేలిపోయింది.

మీరూ ధర చెప్పి చిన్న అడ్వాన్స్ అడగండి. వస్తువు ఇంకా తయారవలేదని, ఇవ్వలేకపోతే డబ్బు మొత్తం వాపసు చేస్తామని ముందే చెప్పండి, ఇందులో దాపరికం అస్సలు వద్దు. ఎంతమంది కడితే ముందుకెళ్లాలో మొదలుపెట్టకముందే కాగితం మీద రాసుకోండి, లేకపోతే ఐడియా మీద ప్రేమతో మనసు లెక్క మార్చేస్తుంది. వద్దన్నవాళ్లను మాత్రం ఊరికే వదలకండి. ధర నచ్చలేదా, అసలు అవసరమే లేదా అని మెల్లగా కనుక్కోండి.