రోబో టెలిస్కోపుతో గామా పేలుళ్ల వేట – 4వ పాఠం: సున్నా ఎక్కడ?

గామా పేలుడంటే సుదూర అంతరిక్షంలో జరిగే గామా కిరణాల మెరుపు, దాని వెంటే మామూలు వెలుగూ వచ్చి ఆరిపోతుంది. పోయిన పాఠంలో రెండు ఫొటోలిచ్చి, ఆ వెలుగు కాలంతో పాటు ఎంత వేగంగా తగ్గుతోందో చెప్పే ఘాతం (కాలం పెరిగిన రెట్లకి ఏ ఘాతం వేస్తే వెలుగు తగ్గిన రెట్లు వస్తాయో అది) కట్టమన్నాను. సగానికి పైగా జవాబులు 0.26 అని వచ్చాయి. ఒకరైతే ‘ఇంత నెమ్మదిగా ఆరుతోందంటే కొత్త రకం పేలుడేమో’ అన్నారు. కొత్త రకం కాదండీ, గడియారం తప్పు. ఈ వారం చెప్పాల్సిన ఫిల్టర్ల సంగతి వాయిదా వేస్తున్నాను.

పేలుడు మొదలైన 60 సెకన్లకి టెలిస్కోపు షట్టర్ తెరిచింది. మొదటిది 10 సెకన్ల ఫొటో కాబట్టి దాని మధ్య క్షణం 65. రెండో ఫొటో మధ్య క్షణం 130. ఈలోపు వెలుగు సగమైంది. కాలం రెట్టింపు, వెలుగు సగం. ఘాతం 1, కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు.

మీరు షట్టర్ తెరిచిన క్షణాన్నే సున్నా అనుకున్నారు. దాంతో 65, 130 కాస్తా 5, 70 అయ్యాయి. కాలం 14 రెట్లు పెరిగినా వెలుగు సగానికే తగ్గినట్టు కనబడుతుంది. మనం ఎప్పుడు నిద్ర లేచామో పేలుడుకి అనవసరం. పేలుడు సంగతి చెప్పే మెయిల్ మనకి చేరిన సమయం కూడా సున్నా కాదు. పేలుడుని పసిగట్టిన ఉపగ్రహం పంపిన కబురులో, పేలుడు మొదలైన క్షణం టీ-జీరో అని విడిగా ఉంటుంది, అదే సున్నా.

ఇంకో ఇద్దరికి సరిగ్గా 86,400 సెకన్లు తేడా వచ్చింది. అంటే ఒక రోజు! టీ-జీరో యూటీలో (యూనివర్సల్ టైమ్, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ఖగోళ సమయం) ఉంటుంది. మనకి 24వ తేదీ తెల్లవారుజామున 2 గంటలంటే యూటీలో ఇంకా 23 రాత్రి 8:30. నేను టెలిస్కోపు పక్కన యూటీ పెట్టిన చేతి గడియారం ఒకటి ఉంచుకుంటాను. ఫోన్ యాప్‌లని నమ్మను.

ఇక అసలు సరుకు. 1999 జనవరి 23న అమెరికాలోని లాస్ అలమోస్‌లో రాట్సీ-1 పట్టిన పేలుడు ఇది. నాలుగు మామూలు కెమెరా లెన్సులు కట్టిన రోబో అది. మనుషుల చెయ్యి పడకుండానే, 22 సెకన్లకల్లా ఫొటో మొదలుపెట్టింది. ఆ మొదటి ఫొటోలో మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) 11.7. అప్పటికి వెలుగు ఇంకా పెరుగుతోంది, దాన్ని లెక్కలో కలపకండి. 47వ సెకనులో మొదలైన ఫొటోలో 8.9, అంటే బైనాక్యులర్స్‌కి అందేంత. 73వ సెకను దానిలో 10.0. ఈ రెండూ 5 సెకన్ల ఫొటోలు. తర్వాత 281లో మొదలైనదానిలో 13.1, 612లో మొదలైనదానిలో 14.3. ఇవి 75 సెకన్లవి.

అభ్యాసం: మాగ్నిట్యూడ్ తేడాని 2.5తో, ఆపైన కాలాల నిష్పత్తికి 10 ఆధారంగా లాగరిథమ్‌తో భాగించండి. చివరి జతకి 1.5 దాటాలి. 1.4 వస్తే మధ్య క్షణం మరిచిపోయారన్నమాట. 47, 73 జత జవాబు చెప్పను. ఆ తర్వాత అన్ని కాలాల్లోంచీ 22 తీసేసి మొత్తం మళ్లీ చేసి, ఏ జత ఎక్కువ చెడిందో రాయండి. గ్రాఫ్ కాగితం మీద, చేత్తోనే.