ఇంట్లో రెండు నెట్ లైన్లు కలిపి వాడడం ఎలా

బెంగళూరు మారతహళ్లిలో మా ఫ్లాట్‌కి రెండు నెట్ కనెక్షన్లున్నాయి. ఒకటి ఓనర్ పెట్టించిన 100 ఎంబీపీఎస్ ఫైబర్, రెండోది ఆఫీసు కాల్స్ మధ్యలో తెగిపోతున్నాయని మా ఆవిడ గొడవపెడితే తీసుకున్న 50 ఎంబీపీఎస్ లైన్. ఆరు నెలల పాటు ఇది పోతే దానికి, అది పోతే దీనికి వైఫై మార్చుకుంటూ గడిపేశాం. ఎప్పుడు చూసినా ఒకటి ఖాళీగా ఉండేది, డబ్బులు మాత్రం రెండింటికీ. ఇక రెండూ కలిపేద్దామని ఒక ఆదివారం కూర్చున్నా.

ముందే ఒక విషయం. 100కి 50 కలిపితే ఇంటి మొత్తానికి 150 వస్తుంది, కానీ ఒక్క డౌన్‌లోడ్‌కి రాదు. మా అపార్ట్‌మెంట్ సంపులో కావేరి నీళ్లు ఒక పైపులో, బోరు నీళ్లు ఇంకో పైపులో పడతాయి. సంపు తొందరగా నిండుతుంది నిజమే, కానీ కావేరి పైపు కింద బిందె పెడితే ఆ బిందె ఆ ధారతోనే నిండాలి కదా. రౌటర్లో లోడ్ బ్యాలెన్సింగ్ అంటే ఇదే. ఒక కాలో, వీడియోనో, డౌన్‌లోడో కొత్తగా మొదలైనప్పుడల్లా రౌటర్ దాన్ని ఏదో ఒక లైన్‌కి పంపిస్తుంది, అది ముగిసేదాకా అక్కడే ఉంటుంది. జూమ్ కాల్ ఒక లైన్లో, పిల్లాడి యూట్యూబ్ ఇంకో లైన్లో నడుస్తాయన్నమాట. టొరెంట్ లాంటివి ఒకేసారి బోలెడు చోట్ల నుంచి లాగుతాయి కాబట్టి వాటికి రెండు లైన్లూ పనికొస్తాయి. బ్రౌజర్లో ఒక పెద్ద ఫైల్ దింపుకుంటే మాత్రం 100 దాటదు.

ఇంకో అపోహ కూడా ఉంది. ల్యాప్‌టాప్‌కి కేబుల్ గుచ్చి వైఫై కూడా ఆన్‌లో పెడితే విండోస్ రెండూ కలిపేస్తుందని అంటుంటారు. కలపదు. మెట్రిక్ (ఏ లైన్ ముందు వాడాలో చెప్పే అంకె) తక్కువున్న లైన్‌ని వాడుకుని రెండోదాన్ని ఊరికే కూర్చోబెడుతుంది.

కావాల్సింది ఒక డ్యూయల్ వ్యాన్ రౌటర్, అంటే బయటి నెట్ లైన్ తగిలించే పోర్టులు (వ్యాన్) రెండున్నది. నేను టీపీ-లింక్ ఈఆర్605 తీసుకున్నా, పోర్టులన్నీ గిగాబిట్. దీనిలో వైఫై ఉండదు, అది చూసుకోకుండా కొని తిట్టుకోకండి. ఇంట్లో ఉన్న పాత వైఫై రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (వైఫై ఇవ్వడం ఒక్కటే చేసేలా) పెట్టి దీని వెనక తగిలిస్తే సరిపోతుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్ నడిచే రౌటర్ ఇప్పటికే ఉంటే కొనాల్సిన పనే లేదు, అందులో ఎమ్‌వ్యాన్3 అనే ప్యాకేజీ ఇదే పని చేస్తుంది.

నాకు సగం రాత్రి పోయింది ఇక్కడే. కంపెనీలు ఇచ్చిన రెండు ఫైబర్ డబ్బాలనీ (మోడెమ్‌లు) రెండు వ్యాన్ పోర్టులకి తగిలించా, మొదటి లైన్ వచ్చింది, రెండోది రాదు. కేబుళ్లు మార్చా, రీస్టార్ట్ చేశా, లైన్‌మ్యాన్‌కి ఫోన్ కూడా చేశా. చివరికి చూస్తే రెండు డబ్బాల అడ్రసూ 192.168.1.1! ఒకే వీధిలో రెండిళ్లకి ఒకే డోర్ నంబర్ ఉన్నట్టు, పాపం రౌటర్‌కి ఎటు వెళ్లాలో ఎలా తెలుస్తుంది. ఒక డబ్బాలోకి లాగిన్ అయ్యి 192.168.2.1 చేశాక రెండు లైన్లూ వచ్చేశాయి. ఈఆర్605 సొంత అడ్రస్ 192.168.0.1 కాబట్టి దానితో కూడా ఢీకొట్టకుండా చూసుకోండి. మీ డబ్బా పాస్‌వర్డ్ మీ దగ్గర లేకపోతే కంపెనీవాళ్లని అడిగి మార్పించండి, లేదా బ్రిడ్జ్ మోడ్‌లో (డబ్బా రౌటర్ పని మానేసి లైన్‌ని నేరుగా మన రౌటర్‌కి ఇచ్చేలా) పెట్టమనండి.

తర్వాత ఒక్కో వ్యాన్‌కి స్పీడ్ రాయాలి. ప్లాన్‌లో ఉన్నది కాదు, రాత్రి తొమ్మిదింటికి నిజంగా వచ్చేది రాయండి, ఎందుకంటే ఆ లెక్క ప్రకారమే రౌటర్ పని పంచుతుంది. లైన్ బతికుందా లేదా చూసే ఆన్‌లైన్ డిటెక్షన్‌లో గేట్‌వేని (అంటే ఇంట్లో ఉన్న ఆ డబ్బానే) కాకుండా 8.8.8.8, 1.1.1.1 లాంటి బయటి అడ్రసులు ఇవ్వండి. బయట ఫైబర్ తెగినా ఇంట్లో ఉన్న డబ్బా పింగ్‌కి (ఉన్నావా అని రౌటర్ పంపే పలకరింపుకి) జవాబిస్తూనే ఉంటుంది, దాంతో అంతా బాగుందనుకుని రౌటర్ ఆ చచ్చిన లైన్‌కే పంపిస్తూ కూర్చుంటుంది.

బ్యాంకు సైట్లు ఇంకో తలనొప్పి. ఒక పేజీ ఒక లైన్లో, తర్వాతి పేజీ ఇంకో లైన్లో వెళ్తే ఐపీ మారిందని లాగౌట్ చేసేస్తాయి. ఓటీపీ కొట్టగానే మళ్లీ మొదటికి. దీనికి లోడ్ బ్యాలెన్సింగ్ పేజీలో అప్లికేషన్ ఆప్టిమైజ్డ్ రౌటింగ్ టిక్ చేయండి, ఒక సైట్ పనంతా ఒకే లైన్లో ఉంటుంది. ఎమ్‌వ్యాన్3లో అయితే ఆ సెట్టింగ్ పేరు స్టికీ. మా ఆవిడ ఆఫీసు ల్యాప్‌టాప్‌ని మాత్రం రౌటర్లో పాలసీ (ఏ పరికరం ఏ లైన్లో వెళ్లాలో చెప్పే నియమం) పెట్టి మొదటి లైన్‌కే కట్టేశా, అది పోతేనే రెండోదానికి వెళ్తుంది. ఇదంతా అయ్యాక వీడియో కాల్ పెట్టి మొదటి లైన్ కేబుల్ పీకి చూడండి. కాసేపు ఆగి, మళ్లీ కనెక్ట్ అయితే పని జరిగినట్టే.

ఒకే కాల్, ఒకే అప్‌లోడ్ రెండు లైన్లలోనూ చీలి వెళ్లాలంటే అది బాండింగ్. అవతల ఆ ముక్కల్ని మళ్లీ అతికించే సర్వర్ ఒకటి కావాలి. స్పీడిఫై యాప్ వాళ్ల సర్వర్‌తోనే ఆ పని చేస్తుంది, సొంతంగా చేసుకోవాలంటే ఓపెన్‌ఎంపీటీసీపీ రౌటర్, దానికో అద్దె వీపీఎస్ (నెట్‌లో అద్దెకి దొరికే సర్వర్). లైవ్ స్ట్రీమింగ్ చేసేవాళ్లకి ఇది పనికొస్తుంది. మామూలు ఇంటికి నెలనెలా సర్వర్ ఖర్చు, పైగా వీపీఎన్ అనుకుని కొన్ని ఓటీటీలు ఆడవు. నేను దాని జోలికి పోలేదు.

అన్నీ బాగా నడుస్తున్న మూడో వారం మా వీధి తవ్వారు. రెండు లైన్లూ ఒకేసారి పోయాయి. కిందికి వెళ్లి చూస్తే రెండు కంపెనీల వైర్లూ ఒకే స్తంభం మీద నుంచి, దాదాపు ఒకే ముడిలో వస్తున్నాయి! ఇప్పుడు రెండో ఫైబర్ తీసేయించి దాని బదులు వైరు లేకుండా 5జీ సిగ్నల్‌తో వచ్చే ఎయిర్‌ఫైబర్ పెట్టించా, డబ్బా బాల్కనీలో తులసి కుండీ పక్కన ఉంది. కరెంటు పోయినప్పుడు నడవడానికి రౌటర్లన్నిటికీ, ఆ డబ్బాకీ కలిపి ఇన్వర్టర్ పాయింట్ నుంచి ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగాను.