ఫ్లాప్‌లో చెక్-రెయిజ్ ఎదురైతే

పోకర్‌లో ఫ్లాప్ (టేబుల్ మీద తెరిచే మొదటి మూడు ముక్కలు) వచ్చాక టాప్ పెయిర్ (వాటిలో పెద్ద ముక్కతో మన ముక్క జత) తగిలిందని బెట్ వేస్తాం, చెక్ చెప్పినవాడు (బెట్ వేయకుండా ఊరుకున్నవాడు) వెంటనే రెయిజ్ కొడతాడు, అంటే మన బెట్‌ని పెంచుతాడు. పక్కన టైమర్ తిరుగుతుంటే టెన్షన్. హన్మకొండలో దోస్తులం కలిసి ఉత్తుత్తి చిప్స్‌తో ఆన్‌లైన్‌లో ఆడేటప్పుడు నాకు బాగా పనికొచ్చిన పద్ధతి ఇది. (తెలంగాణలో డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటం 2017 నుంచి నిషేధం, ఆ జోలికి పోకండి.)

ఇద్దరి దగ్గరా 200 బిగ్ బ్లైండ్లు (ముక్కలు చూడకముందే తప్పనిసరిగా పెట్టే పెద్ద పందెం; కింది లెక్కలన్నీ వీటిలోనే) ఉన్నాయనుకోండి. పాట్ (మధ్యలో పోగైన చిప్స్) 6, మీరు 2 వేశారు, అతను 8కి పెంచాడు. మీరు ఇంకో 6 పెడితే మొత్తం 22. అంటే కాల్‌కి (ఆ 6 పెట్టి ఆటలో ఉండడానికి) కనీసం 27 శాతం గెలుపు అవకాశం కావాలి; టర్న్‌లో (నాలుగో ముక్క తెరిచాక) మళ్లీ బెట్ పడుతుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువే ఉంటే మంచిది. టాప్ పెయిర్‌కి మామూలుగా అది ఉంటుంది. అందుకే కాల్ చేసి టర్న్ చూడండి, తిరిగి రెయిజ్ చేయకండి. చేస్తే బ్లఫ్‌లు (బలం లేకుండా బెదిరించే చేతులు) వదిలేసి పోతాయి, మనల్ని ఓడించే చేతులే మిగులుతాయి. వెనకాల ఇంకా 190 దాకా ఉన్నాయి, ఒక్క జత కోసం అన్నీ పెట్టడం చాలా ఎక్కువ. సెట్ (చేతిలోని జతకి టేబుల్ మీద అదే మూడోది) ఉంటే మాత్రం ధైర్యంగా పెంచండి. జతా, డ్రా (ఇంకో ముక్క పడితే బలమైన చేయి అయ్యే అవకాశం) రెండూ లేకపోతే ఫోల్డ్, అంటే ముక్కలు పడేయండి.

40 బిగ్ బ్లైండ్లే ఉన్నప్పుడు ఇది పనిచేయదు. అక్కడ టాప్ పెయిర్‌తోనే ఆల్-ఇన్ (ఉన్న చిప్స్ అన్నీ పెట్టడం) వెళ్లాల్సి రావచ్చు.