మెట్స్‌గర్ ఇంజన్లను లెక్కేసి చూడటం ఎలా?

స్టట్‌గార్ట్‌లో మా ఇంటికి ఎవరొచ్చినా పోర్షె మ్యూజియం చూపించమంటారు. ఎర్ర కారు పక్కన ఫొటో దిగి గంటలో బయటపడతారు. మీరు వచ్చేది పోర్షె ఇంజన్ల ఇంజనీరు హాన్స్ మెట్స్‌గర్ పనితనం చూడటానికైతే ఒక పూట పెట్టుకోండి.

సోమవారం మాత్రం వెళ్ళకండి, మూసి ఉంటుంది. మా నాన్నని మొదటిసారి నేను తీసుకెళ్ళింది సోమవారమే. ఎస్6 రైల్లో నోయ్‌విర్ట్స్‌హౌస్ దాకా వెళ్ళి, అద్దాల్లోంచి తొంగిచూసి వెనక్కొచ్చాం. ఆ రోజు తిన్న తిట్లు వేరే కథ.

మ్యూజియంలో బండ్లు మారుస్తుంటారు. అందుకని కొలతలు ముందే కాగితం మీద రాసుకోండి. బోర్ అంటే సిలిండర్ లోపలి వెడల్పు, స్ట్రోక్ అంటే అందులో పిస్టన్ కదిలే దూరం. బోర్‌ని బోర్‌తోనే గుణించి, దాన్ని 0.7854తో, తర్వాత స్ట్రోక్‌తో, చివరికి సిలిండర్ల సంఖ్యతో గుణిస్తే ఇంజన్ సైజు సీసీల్లో వస్తుంది. మిల్లీమీటర్లని ముందే సెంటీమీటర్లు చేసుకోవాలి. ఫోన్‌లో కాలిక్యులేటర్ చాలు.

మొదట పాత 911 దగ్గర ఆగండి. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ షోలో 901 పేరుతో చూపించిన కారు ఇదే. ఇటు మూడు, అటు మూడు పడుకున్న సిలిండర్లు, గాలితో చల్లబడే ఇంజన్, 130 హార్స్‌పవర్. 1956లో పోర్షెలో చేరిన మెట్స్‌గర్ చెయ్యి ఇందులో ఉంది. ఒక్కడే చేశాడని చెప్పకండి, అది టీమ్ పని. బోర్ 80, స్ట్రోక్ 66.

తర్వాత 1969 నాటి రేసు కారు 917. పన్నెండు సిలిండర్లు, బోర్ 85, స్ట్రోక్ మళ్ళీ 66! లెక్కేస్తే 4494 సీసీ. ఇక్కడ తొందరపడకుండా, కవర్ తీసిన ఇంజన్ కనిపిస్తే పక్క నుంచి చూడండి. పిస్టన్లు తిప్పే ఇరుసుని క్రాంక్ అంటారు. అంత పొడుగు క్రాంక్‌కి ఒక చివర నుంచి పవర్ లాగితే అది మెలితిరిగి వణుకుతుంది. అందుకే మధ్యలో గేరు పెట్టి అక్కడి నుంచి తీశారు. అంటే రెండు ఆరు సిలిండర్ల ఇంజన్లు వీపులు ఆనించుకుని కూర్చున్నట్టు. పైన ఫ్యాన్ మన సీలింగ్ ఫ్యాన్‌లా అడ్డంగా పడుకుని ఉంటుంది. 1970లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల రేసులో పోర్షెకి మొట్టమొదటి ఓవరాల్ గెలుపు తెచ్చింది ఈ 917యే.

నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు ఇంజన్ సిలిండర్లు బోరింగ్ చేసే మిషన్ మీద పనిచేసిన మనిషి. జర్మన్ ఒక్క ముక్క రాదు. రెండోసారి వెళ్ళినప్పుడు నా కాగితం లాక్కుని రెండు వరసల కింద గోటితో గీశాడు. 911 కరేరా ఆర్ఎస్ 2.7: బోర్ 90, స్ట్రోక్ 70.4, 2687 సీసీ. 1973లో అమెరికా, కెనడాల కాన్-యామ్ రేసుల్లో మార్క్ డనహ్యూ నడిపిన 917/30: బోర్ 90, స్ట్రోక్ 70.4, 5374 సీసీ.

"ఇది దానికి సరిగ్గా రెట్టింపు రా," అన్నాడు.

ఒకటి రోడ్డు మీద తిరిగే కారు, రెండోది రెండు టర్బోలతో 1100 హార్స్‌పవర్ ఇచ్చే రేసు బండి. ఇన్నేళ్ళు ఇక్కడ ఉండి నాకు తట్టలేదు. మీరు వెళ్తే ఈ రెంటినీ ఒకదాని తర్వాత ఒకటి చూడండి, మధ్యలో కాఫీకి పోకండి.

టాగ్ టర్బో ఇంజన్ దగ్గర మాత్రం ఈ పోలికలు పనిచేయవు. మెక్‌లారెన్ ఫార్ములా వన్ కారు కోసం పోర్షె చేసిన వీ6 (వీ ఆకారంలో ఆరు సిలిండర్లు) అది, నీళ్ళతో చల్లబడుతుంది. బోర్ 82, స్ట్రోక్ 47.3. డబ్బు పెట్టింది టాగ్ అనే కంపెనీ కాబట్టి పేరూ వాళ్ళదే. 1984లో లౌడా, 1985, 86ల్లో ప్రోస్ట్ దీంతోనే ఛాంపియన్లయ్యారు. మొత్తం 25 రేసులు గెలిచింది.

మెట్స్‌గర్ 2020 జూన్ 10న, 90 ఏళ్ళ వయసులో పోయారు. నేను ఏటా ఆ వారంలో ఒకసారి వెళ్ళొస్తాను, మంగళవారం చూసుకుని.

అన్నట్టు, 911 లెక్క వేస్తే మీకు 1990.5 వస్తుంది, పుస్తకాల్లో 1991 అని ఉంటుంది. కంగారు పడకండి, రౌండ్ చేశారంతే.