లావా ల్యాంపులో మైనం కదలడం లేదా? ముందు బల్బు చూడండి

మా అక్క కొడుకు అమెరికా నుంచి వస్తూ పద్నాలుగున్నర అంగుళాల లావా ల్యాంపు ఒకటి తెచ్చాడు. సీసాలో మైనం ముద్దలు పైకీ కిందికీ మెల్లగా కదులుతూ ఉండే అలంకార దీపం అది. తిరుపతిలో మా ఇంట్లో ప్లగ్గుకు అడాప్టర్ తగిలించి స్విచ్ వేశాం. బల్బు ఒక్కసారి తెల్లగా మెరిసి, మాడిపోయింది. అప్పటి నుంచి దానికి సరైన బల్బు కోసం తిరిగి, రకరకాలవి వేసి చూసి, నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో ల్యాంపు ఉండి మూలన పడేసినవాళ్లు చాలామందే ఉంటారు. వాటిలో ఎక్కువ భాగం చెడిపోయినవి కావు, తప్పు బల్బు వేసినవి.

ముందు ఒక మాట. ఈ ల్యాంపులో బల్బు పని వెలుగివ్వడం కాదు, సీసా అడుగున పొయ్యిలా పనిచేయడం. చల్లగా ఉన్నప్పుడు లోపలి మైనం చుట్టూ ఉన్న నీళ్ల కన్నా కాస్త బరువు. వేడి తగిలితే కరిగి, ఉబ్బి, తేలికై పైకి లేస్తుంది. పైన చల్లబడి మళ్లీ దిగుతుంది. అడుగున కనిపించే లోహపు చుట్ట, దిగిన ముద్దలను తిరిగి ఒకటిగా కలుపుతుంది. 1963లో ఇంగ్లండ్‌లో ఎడ్వర్డ్ క్రేవెన్ వాకర్ ఈ ల్యాంపును మార్కెట్లోకి తెచ్చిన నాటి నుంచి సూత్రం ఇదే. అడుగున వేడి ఉండాలి, పైన చల్లదనం ఉండాలి. రెండిట్లో ఏది లేకపోయినా ఆట ఆగిపోతుంది.

చిత్తూరు వైపు కోళ్ల ఫారాలు చూసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. కోడిపిల్లలకు వెచ్చదనం కోసం బ్రూడర్‌లో గుండు బల్బులు వేలాడదీస్తారు. పిల్లలన్నీ బల్బు కింద గుమిగూడితే చలి ఎక్కువైందని, గోడల వైపు పారిపోతే వేడి ఎక్కువైందని పనివాళ్లు చూడగానే చెప్తారు. థర్మామీటర్ తర్వాత సంగతి. లావా ల్యాంపులో మైనాన్ని కూడా అలాగే చదవాలి. అది అడుగున ఉందా, పైన ఉందా, ముక్కలైందా అన్నదాన్ని బట్టి బల్బు సంగతి తెలిసిపోతుంది.

స్విచ్ వేయగానే బల్బు పోతోంది

అమెరికా నుంచి వచ్చిన ల్యాంపు అయితే కారణం వోల్టేజే. అక్కడి బల్బు 120 వోల్టులది, మన ఇంట్లో 230. ప్లగ్ అడాప్టర్ పిన్నుల ఆకారాన్ని మారుస్తుంది తప్ప వోల్టేజిని తగ్గించదు. మేము చేసిన పొరపాటు అదే.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, 230 నుంచి 110 లేదా 120 వోల్టులకు దించే చిన్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుని అమెరికా బల్బే వాడటం. 25, 40 వాట్ల ల్యాంపులకు 100 వీఏది (ట్రాన్స్‌ఫార్మర్ మోయగల లోడును వీఏ, అంటే వోల్ట్-ఆంపియర్లలో చెప్తారు) సరిపోతుంది. కానీ బల్బు పోయిన ప్రతిసారీ అక్కడి నుంచి తెప్పించుకోవాలి. రెండోది నేను చేసింది: ఎలక్ట్రీషియన్‌ను పిలిచి హోల్డర్, వైరు, స్విచ్ మూడూ మన 230 వోల్టులకు సరిపడేవి వేయించడం. అమెరికా హోల్డర్ థ్రెడ్ 17 మిల్లీమీటర్లు, దాన్ని ఇ17 అంటారు. ఇక్కడ దొరికే చిన్న థ్రెడ్ బల్బు 14 మిల్లీమీటర్లు, అంటే ఇ14. ఆ హోల్డర్‌లో ఇది వదులుగా తిరుగుతుంది, అడుగున సరిగ్గా ఆనదు. కాగితం, రేకు ముక్క పెట్టి బిగించే ప్రయత్నం దయచేసి చేయకండి. ల్యాంపుకు డిమ్మర్ (వెలుగు తగ్గించే, పెంచే మీట) కూడా ఉంటే ఈ మార్పుల జోలికి పోకుండా ట్రాన్స్‌ఫార్మరే వాడండి.

ఇక్కడ కొన్న ల్యాంపులోనే బల్బులు తరచూ పోతుంటే హోల్డర్ లోపలి రాగి నాలుక అణిగిపోయిందేమో, నల్లబడిందేమో చూడాలి. ప్లగ్ పీకి, బల్బు చల్లారాకే.

మూడు గంటలైనా మైనం అడుగునే ఉంది

అందరికీ ఎదురయ్యేది ఇదే. పది ఇళ్లలో చూస్తే ఎక్కువ చోట్ల కారణం ఎల్‌ఈడీ. గాంధీ రోడ్డులో ఒక షాపుకు వెళ్లి "అన్నా, చిన్న థ్రెడ్ గుండు బల్బు 25 వాట్లది కావాల" అని అడిగాను. "అవి ఇప్పుడు ఎవురు అడుగుతారు సామీ, ఎల్‌ఈడీ తీసుకో, కరెంటు మిగులుతుంది" అన్నాడు. ఇంటి లైటుకైతే ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైన మాట. 2015లో కేంద్రం ఎల్‌ఈడీ బల్బులు చవగ్గా ఇచ్చే ఉజాలా పథకం మొదలుపెట్టాక పల్లెల్లో కూడా గుండు బల్బు దాదాపు కనుమరుగైంది. కానీ మన అవసరం వేరు. గుండు బల్బు తాగే కరెంటులో 90 శాతానికి పైగా వేడిగానే పోతుంది. ఇంటికి నష్టమైన ఆ వేడే ఈ ల్యాంపుకు ప్రాణం. "25 వాట్లకు సమానం" అని రాసి ఉన్న ఎల్‌ఈడీ నిజంగా వాడేది సుమారు 3 వాట్లే. పుట్టే ఆ కాస్త వేడి కూడా పైకి కాకుండా బల్బు మొదట్లోకి పోతుంది. రాత్రంతా వేసినా మైనం కరగదు.

అందుకే డబ్బా మీద "సమానం" అన్న అంకె వదిలేసి, అసలు వాట్ల అంకె చూడండి. హాలోజెన్‌లో కూడా ఇదే మెలిక ఉంది. 40 వాట్ల వెలుగిచ్చే హాలోజెన్ బల్బు వాడేది 28 వాట్లే, కాబట్టి వేడి లెక్క 28కే.

బాగా దొరికే అమెరికన్ రకాలకు ఎత్తును బట్టి లెక్క ఇది: పద్నాలుగున్నర అంగుళాలకు 25 వాట్లు, 17 అంగుళాలకు 40, నేల మీద నిలబెట్టే 27 అంగుళాల పెద్దదానికి 100. కొన్ని బ్రిటిష్ ల్యాంపుల్లో రెండు పిన్నులు తిప్పి బిగించే జీయూ10 హాలోజెన్ 35 వాట్లది వేస్తారు. మీ ల్యాంపు అడుగున స్టిక్కర్ ఉంటే దాని మాటే చివరి మాట.

వాట్లు సరిపోయినా ఆకారం తేడా చేస్తుంది. వెనక భాగం వెండిరంగు పూతతో అద్దంలా ఉన్న రిఫ్లెక్టర్ బల్బు వేడిని సూటిగా సీసా అడుగుకు కొడుతుంది. చిన్న ల్యాంపుకు ఆర్39, అంటే 39 మిల్లీమీటర్ల వెడల్పుది. కాస్త పెద్దదానికి ఆర్50. ఇవి దొరక్కపోతే ఓవెన్ బల్బు అడగండి. ఇ14 థ్రెడ్, 25 వాట్లు, వేడికి తట్టుకునే గాజు. నేను వేసింది అదే. రిఫ్లెక్టర్ అంత చురుగ్గా ఉండదు, మా ల్యాంపు కదలడానికి అరగంట ఎక్కువ పడుతుంది, కానీ పని చేస్తుంది. ఫ్రిజ్ బల్బు, ఉప్పు దీపం బల్బు అదే థ్రెడ్‌లో వస్తాయి కానీ ఎక్కువగా 15 వాట్లవి, 25 వాట్ల ల్యాంపును లేపలేవు. ఇళ్లలో పాత "జీరో బల్బు" ఉంటుంది కదా, పేరుకు జీరో అయినా అది సుమారు 15 వాట్లు తాగుతుంది. పైగా పిన్ టైప్, ఇందులో పట్టదు.

బల్బు సరిగ్గానే ఉండి కూడా మైనం లేవకపోతే గది సంగతి చూడండి. 20 నుంచి 25 డిగ్రీల గదిలో ఈ ల్యాంపు హాయిగా నడుస్తుంది. ఏసీ గాలి నేరుగా తగిలితే సీసా వేడెక్కదు. పలమనేరులో మా పిన్ని ఇంట్లో డిసెంబరు రాత్రి ఇదే ల్యాంపు, ఇదే బల్బు నాలుగు గంటలైనా సగం కరిగి ఆగిపోయింది. కిటికీ మూసి, గోడ మూలకు జరిపాక కదిలింది. వోల్టేజి తగ్గినా ఇంతే. 230 ఉండాల్సిన చోట 180 వస్తే 40 వాట్ల బల్బు సుమారు 27 వాట్లే లాగుతుంది. చుట్టుపక్కల ఏసీలన్నీ నడిచే సాయంత్రం కాకుండా పొద్దుపోయాక ఒకసారి వేసి చూడండి.

ఎంత విసుగొచ్చినా సీసాను స్టవ్ మీద పెట్టొద్దు. 2004లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక యువకుడు అలాగే వేడి చేస్తుంటే సీసా పేలి, గాజుముక్క గుండెలో దిగి చనిపోయాడు.

మైనం పైకెళ్లి దిగడం లేదు, లేదా చిన్న చిన్న బుడగలైంది

ఇది వేడి ఎక్కువైన గుర్తు. పెద్ద ముద్ద పైన మూతలా కూర్చుంటుంది, లేకపోతే మైనం ఆవాలంత ముక్కలై అటూ ఇటూ పరుగెడుతుంది. 25 ఉండాల్సిన చోట 40 వేశారా చూడండి. సరైన బల్బే అయితే కారణం మన ఎండలు. మే నెలలో తిరుపతిలో పగలు 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు సీసా పైభాగం చల్లబడే దారి ఉండదు, దిగాల్సిన మైనం దిగదు.

వేసవిలో నేను రాత్రి తొమ్మిది దాటాకే వేస్తాను, దూరంగా ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది. చలికాలంలో శత్రువైన గాలి ఇప్పుడు సాయం చేస్తుంది. గుండు బల్బులకు పనికొచ్చే లైట్ డిమ్మర్ పెట్టించుకుంటే ఇంకా మంచిది, కదలిక చూస్తూ వేడి తగ్గించుకోవచ్చు. ఫ్యాన్ రెగ్యులేటర్‌ను దీనికి వాడొద్దు. ఏ కాలంలోనైనా ఎనిమిది గంటలు దాటనివ్వకండి. పూర్తిగా చల్లారాక మళ్లీ వేస్తే చాలావరకు ముక్కలన్నీ తిరిగి ఒకటవుతాయి.

మైనం పుట్టలా నిలబడింది

మొదటి గంటలో ఇది మామూలే. పైపొర గట్టిగా ఉండగా లోపల కరిగిన మైనం దాన్ని చీల్చుకుని స్తంభంలా లేస్తుంది. కదిలించకండి, కాసేపటికి అదే కరిగి కూలుతుంది.

నీళ్లు మబ్బుగా ఉన్నాయి

దీనికి బల్బుతో సంబంధం తక్కువ. వేడిగా ఉన్నప్పుడు ల్యాంపును ఎత్తడం, పిల్లలు ఊపడం వల్ల మైనం నీళ్లలో కలిసి మసకబారుతుంది. నాలుగైదు సార్లు పూర్తిగా వేడెక్కనిచ్చి, పూర్తిగా చల్లారనిస్తే కొంత తేటపడొచ్చు. కిటికీ ఎండలో పెట్టి రంగు వెలిసిపోతే మాత్రం అది తిరిగి రాదు.

కాలిన వాసన వస్తోంది

వెంటనే ప్లగ్ పీకేయండి. స్టిక్కర్ మీద ఉన్నదాని కన్నా ఎక్కువ వాట్ల బల్బు వేస్తే హోల్డర్ ప్లాస్టిక్ మెత్తబడుతుంది, వైరు తొడుగు పెళుసెక్కి రాలుతుంది. హోల్డర్ ఒక్కసారి రంగు మారిందంటే తక్కువ వాట్ల బల్బు వేసి సరిపెట్టుకోకండి, మార్పించండి. వేడికి తట్టుకునే పింగాణీ హోల్డర్ ఇ14 థ్రెడ్‌లో దొరుకుతుంది. మా ల్యాంపులో ఇప్పుడు ఉన్నది అదే.