సరిహద్దు ఒడిశా నుంచి పీజీకి: ముందు కాగితాలు, తర్వాత పరీక్ష

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం కాలేజీల్లో డిగ్రీ చదివే మన తెలుగు పిల్లలకు పీజీ సీటు చేజారడానికి ప్రతిసారీ మార్కులే కారణం కావు. పేరు ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో మరోలా ఉంటుంది. ఏ రాష్ట్రపు కులపత్రం ఏ సీటుకు చెల్లుతుందో తెలియదు. ఎంట్రన్స్ రాసేశాం కదా అని యూనివర్సిటీకి విడిగా దరఖాస్తు పెట్టరు. బాగా చదివినవాళ్లు కూడా ఈ మూడింటి దగ్గర ఆగిపోతున్నారు. అందుకే చివరి ఏడాది జులైలోనే కాగితాల పని పట్టుకోండి. పుస్తకాలు ఆగస్టులో తెరిచినా ఫరవాలేదు.

పేరు సరిచూసుకోవడం

పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, డిగ్రీ మార్కుల మెమో, కులపత్రం, బ్యాంకు పాస్‌బుక్ పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం పోల్చండి. ఒడియాలో 'వ'కు, 'బ'కు పలుకుబడిలో తేడా చెరిగిపోతుంది. కాబట్టి వెంకట్ అనే పేరు బడి రికార్డులో ఒడియాలోకి, అక్కణ్ణుంచి ఇంగ్లీషులోకి వెళ్లేసరికి 'వి'కి బదులు 'బి'తోనో 'బీహెచ్'తోనో మొదలవుతుంది. 'రావు' చివర ఒక చోట 'ఓ', ఒక చోట 'యూ'. వీటన్నిటికన్నా ఎక్కువ చిక్కు ఇంటిపేరుతో. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, తరచుగా పొడి అక్షరంగా. ఒడిశా ఫారాల్లో అది చివర, పూర్తిగా రాయాలి. దాంతో ఆధార్‌లో 'కె. రమేష్' అని, మెమోలో రమేష్ వెనక ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. కంప్యూటర్ ఆ ఇద్దరినీ ఒకరిగా గుర్తుపట్టదు.

దిద్దేటప్పుడు పదో తరగతి సర్టిఫికెట్‌ను ప్రమాణంగా తీసుకుని మిగతావన్నీ దానికి సరిపెట్టండి. ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. కాబట్టి ఆధార్ కేంద్రంలో స్లిప్ చేతికిచ్చినప్పుడు అక్షరం అక్షరం చదివాకే సంతకం పెట్టండి. తప్పు పదో తరగతి సర్టిఫికెట్‌లోనే ఉంటే చదివిన బడి హెడ్మాస్టరు ద్వారా కటక్‌లోని బోర్డుకు వెళ్లాలి. అది వారాల్లో తేలే పని కాదు. అప్పటిదాకా నోటరీ దగ్గర 'రెండు పేర్లూ ఒకే వ్యక్తివి' అని అఫిడవిట్ చేయించి ఉంచుకోండి. సర్టిఫికెట్ల పరిశీలనలో కొన్నిచోట్ల అది ఆదుకుంటుంది, అన్నిచోట్లా కాదు.

కులపత్రం

సరిహద్దు కుటుంబాలు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. మేనమామలు పార్వతీపురంలో, పెదనాన్నవాళ్లు పాలకొండలో ఉన్నా, మీ కుటుంబం ఒడిశాలో స్థిరపడినదైతే మీ పత్రం ఒడిశా పత్రమే. ఒక రాష్ట్రపు ఎస్సీ, ఎస్టీ పత్రంతో ఇంకో రాష్ట్ర ప్రభుత్వ కోటాలో సీటు అడగలేరు. 1990లో మర్రి చంద్రశేఖర రావు కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చింది. అంటే ఆంధ్రా యూనివర్సిటీలో ఒడిశా ఎస్టీ పత్రం రిజర్వేషన్ ఇవ్వదు. అదే పత్రం హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, ఐఐటీల్లో, కోరాపుట్ సెంట్రల్ యూనివర్సిటీలో పూర్తిగా చెల్లుతుంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు కేంద్ర సంస్థలను జాబితాలో ముందు పెట్టుకోవాల్సిన కారణం ఇదే.

వెనకబడిన కులాలవాళ్లకు ఇంకో మెలిక ఉంది. ఒడిశా రాష్ట్ర సీట్లకు ఎస్‌ఈబీసీ (సామాజికంగా, విద్యాపరంగా వెనకబడిన తరగతుల) పత్రం, కేంద్ర సంస్థలకు ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం. రెండూ తహసీల్దారు ఆఫీసు నుంచే వస్తాయి కానీ ఒకటి కాదు. రాష్ట్ర జాబితాలో ఉన్న కులం కేంద్ర జాబితాలో ఉండాలని లేదు. ముందు కేంద్ర జాబితాలో ఒడిశా పేజీలో మీ కులం పేరు చూసుకుని, ఈ-డిస్ట్రిక్ట్ పోర్టల్లో కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఇచ్చే ఓబీసీ పత్రాన్నే అడగండి. క్రీమీలేయర్ హద్దు, అంటే రిజర్వేషన్ వర్తించే ఆదాయ పరిమితి, ఏటా 8 లక్షల రూపాయలు. ఈ పత్రానికి తేదీ ముఖ్యం. జనవరిలో దరఖాస్తు పెట్టేటప్పుడు వెనకటి ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చింది సరిపోతుంది. జులైలో చేరేటప్పుడు మాత్రం ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చిందే కావాలంటారు. అంటే రెండుసార్లు తీయాలి. రెండోసారి ఏప్రిల్ మొదటి వారంలోనే అప్లై చేయండి. జూన్‌లో తహసీల్ ఆఫీసు కాలేజీ అడ్మిషన్ల రద్దీతో నిండిపోతుంది. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడిన ఓసీల) పత్రానికీ ఇదే లెక్క.

ఏ పరీక్ష ఏ తలుపు తెరుస్తుంది

పేర్లు దగ్గరదగ్గరగా ఉండి తికమక పెడతాయి. ఒడిశాది సీపీఈటీ, బరంపురం యూనివర్సిటీ వంటి రాష్ట్ర యూనివర్సిటీలకు, సామ్స్ అనే ఒడిశా ప్రభుత్వ అడ్మిషన్ల పోర్టల్ ద్వారా. ఆంధ్రది పీజీసెట్. తెలంగాణది సీపీగెట్, ఉస్మానియా నడుపుతుంది. కేంద్ర యూనివర్సిటీలకు సీయూఈటీ పీజీ. ఐఐటీల ఎమ్మెస్సీకి జామ్.

దరఖాస్తులు జామ్‌వి సాధారణంగా సెప్టెంబరు, అక్టోబరుల్లో, పరీక్ష ఫిబ్రవరిలో. సీయూఈటీ పీజీ డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పరీక్ష మార్చి ప్రాంతంలో. రాష్ట్రాల పరీక్షలు వేసవిలో. జామ్‌కు ఏడు పేపర్లే: గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, బయోటెక్నాలజీ, జియాలజీ, ఎకనామిక్స్, మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్. 2025లో ఒక పేపరుకు ఫీజు 1800 రూపాయలు. ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీ, వికలాంగ విద్యార్థులకు 900.

పీజీసెట్ రాయాలనుకునే ఒడిశా పిల్లలు ముందు స్థానికత నిబంధన చదవాలి. ఆంధ్ర రాష్ట్ర యూనివర్సిటీల్లో 85 శాతం సీట్లు స్థానికులకే. మిగిలిన 15 శాతం అందరికీ అని చాలామంది అనుకుంటారు. దానికీ అమ్మానాన్నల్లో ఒకరు ఆంధ్రలో పదేళ్లు ఉండి ఉండడం, అక్కడ ప్రభుత్వ ఉద్యోగం చేస్తుండడం వంటి షరతులు ఉంటూ వచ్చాయి. ఆ ఏడాది సమాచార పుస్తకంలో అర్హత పేజీ చదివాకే డబ్బు కట్టండి.

మూడు పరీక్షలు, మూడు స్వభావాలు

సీయూఈటీ పీజీలో 2025 నుంచి 75 ప్రశ్నలకు 90 నిమిషాలు, అంటే ప్రశ్నకు 72 సెకన్లు. పీజీసెట్‌లో 100 ప్రశ్నలకు 90 నిమిషాలు, 54 సెకన్లు. జామ్‌లో 60 ప్రశ్నలకు 3 గంటలు, ప్రశ్నకు 3 నిమిషాలు. మొదటి రెండింటికీ వేగం, జ్ఞాపకం ముఖ్యం. జామ్‌కు కాగితం మీద లెక్క చేసి చూడగల ఓపిక కావాలి. ఒకే తీరులో చదివి మూడూ రాస్తే దెబ్బతింటారు.

తప్పు జవాబుకు మార్కులు ఎలా పోతాయో తెలిస్తే చాలా ప్రశ్నల దగ్గర నిర్ణయం తేలికవుతుంది. పీజీసెట్‌లో తప్పుకు కోత లేదు కాబట్టి ఒక్కటీ ఖాళీ వదలకూడదు. సీయూఈటీలో ఒప్పుకు 4, తప్పుకు 1 కోత. నాలుగు ప్రశ్నలకు గుడ్డిగా పెడితే సగటున ఒకటి తగిలి 4 వస్తాయి, మూడు తప్పి 3 పోతాయి. మిగిలేది 1. రెండు ఆప్షన్లు కొట్టివేయగలిగితే లాభం బాగా పెరుగుతుంది, కాబట్టి అక్కడ తప్పక పెట్టండి. జామ్ మొదటి విభాగంలో, అంటే ఒక్క ఒప్పే ఉండే ప్రశ్నల్లో, తప్పుకు ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత. అక్కడ గుడ్డి జవాబుకు సగటు లాభం సున్నా, కనీసం ఒక ఆప్షన్ తప్పని తేలితేనే పెట్టాలి. ఒకటికన్నా ఎక్కువ ఒప్పులుండే ప్రశ్నలకు, అంకె టైపు చేయాల్సిన ప్రశ్నలకు జామ్‌లో కోత లేదు. ఒకటికన్నా ఎక్కువ ఒప్పులున్నచోట పాక్షిక మార్కులూ లేవు: ఒప్పులన్నీ పట్టుకోవాలి, ఒక్క తప్పూ కలవకూడదు.

పాత జామ్ పేపర్లు దాని వెబ్‌సైట్‌లోనే ఉచితంగా దొరుకుతాయి. ఆగస్టు నుంచి నవంబరు దాకా సిలబస్ అంశాల వారీగా, డిసెంబరు నుంచి వారానికి రెండు పాత పేపర్లు గడియారం పెట్టుకుని రాయండి. తప్పులను మూడు రకాలుగా విడదీసి రాసుకోండి: తెలియక తప్పినవి, తెలిసీ లెక్కలో తప్పినవి, ప్రశ్న సరిగా చదవక తప్పినవి. మూడో రకం మనవైపు పిల్లల్లో ఎక్కువ, ముఖ్యంగా పదో తరగతి దాకా ఒడియా మీడియంలో చదివి డిగ్రీలో ఇంగ్లీషుకు మారినవాళ్లలో. 'కాదు', 'తప్ప', 'కనీసం' అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాటల కింద గీత గీసుకునే అలవాటు చేసుకుంటే ఆ తప్పులు త్వరగా తగ్గుతాయి.

సెంటరు ఎంచుకునేటప్పుడు రైలు చూడండి. రాయగడ పిల్లలకు విజయనగరం, విశాఖ నేరు దారి. గుణుపురం, పర్లాకిమిడి పిల్లలకు నౌపడ మీదుగా శ్రీకాకుళం వైపుగానీ బరంపురం వైపుగానీ వీలు. మల్కనగిరి నుంచి బస్సు ప్రయాణమే, కాబట్టి ఉదయం పరీక్ష అయితే ముందు రోజు మధ్యాహ్నానికే ఊళ్లో దిగాలి.

ఫారం నింపేటప్పుడు

ఫోన్ నంబరు, ఈమెయిల్ మీవే ఇవ్వండి, నెట్ సెంటర్ అబ్బాయివి కాదు. సవరణకు గడువు ఇచ్చినా ఈ రెండూ మార్చనివ్వకపోవచ్చు. కౌన్సెలింగ్ ఓటీపీలు జూన్‌లో ఆ నంబరుకే వస్తాయి. సీజీపీఏను శాతంగా మార్చేటప్పుడు మీ మెమోలోనో యూనివర్సిటీ నిబంధనల్లోనో ఉన్న సూత్రమే వాడాలి. 9.5తో గుణించడం సీబీఎస్‌ఈ పదో తరగతికి వచ్చిన లెక్క, డిగ్రీకి పనికిరాదు.

సీయూఈటీ రాస్తే సరిపోదు. హైదరాబాద్ యూనివర్సిటీకి, కోరాపుట్ యూనివర్సిటీకి వాటి వాటి సైట్లలో మళ్లీ రిజిస్టర్ కావాలి. జామ్ ర్యాంకు వచ్చినవాళ్లు ఐఐటీలకు ఒక పోర్టల్లో, ఎన్‌ఐటీలకు సీసీఎంఎన్ అనే వేరే కౌన్సెలింగ్‌లో పేరు పెట్టుకోవాలి. రౌర్కెలా, వరంగల్ ఎన్‌ఐటీలు ఈ రెండో దారిలో వస్తాయి. ర్యాంకు ఉండీ ఇది తెలియక ఊరుకున్న పిల్లలను చూస్తే బాధేస్తుంది.

వ్యాసం, సిఫారసు ఉత్తరాలు

విదేశీ యూనివర్సిటీలు, కొన్ని ప్రైవేటు యూనివర్సిటీలు ఎందుకు చదవాలనుకుంటున్నారో రాయమంటాయి. ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ ఇంటర్వ్యూల్లో అదే నోటితో అడుగుతారు. పదాల హద్దు చెప్పకపోతే 600 నుంచి 800 పదాలు చాలు. 'చిన్నప్పటి నుంచి నాకు సైన్సంటే ఇష్టం' అనే వాక్యం ఎంపిక చేసేవాళ్లకు ఏమీ చెప్పదు. మీ చుట్టూ ఉన్నదాంట్లోంచి ఒక ప్రశ్న తీయండి. జియాలజీ విద్యార్థి దామన్‌జోడి దగ్గరి పంచపట్మాలి కొండ మీద ఖొండలైట్ రాయి శిథిలమై బాక్సైట్ ఎలా అయిందో అడగొచ్చు. ఆ రాయికి పేరు వచ్చిందే ఇక్కడి ఖోండు గిరిజనుల మీదుగా. వృక్షశాస్త్రం వాళ్లకు మనం చోళ్లు అనే, ఒడియాలో మండియా అనే పంట, దాని దేశవాళీ రకాలు ఉన్నాయి. కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వారసత్వ వ్యవసాయ పద్ధతిగా గుర్తించింది. భాషాశాస్త్రానికి వెళ్లేవాళ్లకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో సవర వినిపించే ఊరే ప్రయోగశాల. గిడుగు రామమూర్తి పంతులు సవర భాష మీద పనిచేసింది పర్లాకిమిడిలో ఉండే.

ప్రశ్న చెప్పాక దానికోసం మీరు చేసిన పని రాయండి: ఏ ప్రాజెక్టు, ఎన్ని నమూనాలు, ఏ పద్ధతి, ఏం తేలలేదు. తేలనిది దాచకండి. పీజీలో చేయబోయే పనికి దారి అక్కడే కనిపిస్తుంది. చివర ఆ విభాగంలో ఎవరి పని మీ ప్రశ్నకు దగ్గరో రెండు వాక్యాలు. ఆ పేరా ప్రతి యూనివర్సిటీకీ మారాలి.

సిఫారసుకు రెండు మూడు ఉత్తరాలు అడుగుతారు. ప్రిన్సిపాల్ హోదా పెద్దదని ఆయన దగ్గరకు పరిగెత్తొద్దు. ల్యాబులో మిమ్మల్ని చూసిన మాస్టారు రాసిన పది వాక్యాలకు విలువ ఎక్కువ. కనీసం మూడు వారాల ముందు అడిగి, మెమో, ప్రాజెక్టు నివేదిక, గడువు తేదీ, మీ వ్యాసం ఒకే కవరులో ఇవ్వండి. కాలేజీ ఈమెయిల్ ఉన్నవాళ్లయితే మరీ మంచిది; సొంత జీమెయిల్ నుంచి వచ్చిన ఉత్తరాన్ని కొన్నిచోట్ల ఒప్పుకోరు. 'మీరే రాసుకురండి, సంతకం పెడతాను' అంటే, 'సార్, ఈ ప్రయోగాలు మీ దగ్గర చేశాను' అని ఒక పేజీ వివరాలు ఇచ్చి, ఉత్తరం వారి మాటల్లోనే రాయమని వినయంగా అడగండి.

చేరేటప్పుడు

ఒడిశా కాలేజీలు ఇచ్చే సీఎల్‌సీ (కాలేజీ విడిచినట్టు ఇచ్చే పత్రం), ఆంధ్ర, తెలంగాణల్లో అడిగే టీసీ ఒకటే. యూనివర్సిటీ మారుతున్నారు కాబట్టి మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా కావాలి. ఫలితాలు వచ్చిన రోజే అప్లై చేయండి. ఫలితాలు ఆలస్యమైతే ఫలానా తేదీలోగా మెమో తెస్తానని హామీపత్రం తీసుకుంటారు. ఆ తేదీ దాటితే సీటు పోతుంది.

పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ చదివే రాష్ట్రం కాదు, సొంత రాష్ట్రం ఇస్తుంది. హైదరాబాద్‌లో చదివినా ఒడిశా స్కాలర్‌షిప్ పోర్టల్లోనే పెట్టాలి. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఆదాయ హద్దు 2.5 లక్షలు. బ్యాంకు ఖాతాకు ఆధార్ కాపీ ఇచ్చినంత మాత్రాన డబ్బు పడదు. ప్రభుత్వ డబ్బు జమయ్యేలా ఆధార్‌ను సీడ్ చేశారో లేదో బ్యాంకులో అడిగి తేల్చుకోండి.

బరంపురంలో చేరాక హైదరాబాద్‌లో సీటు వస్తే భయపడనక్కర్లేదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి వెంటనే తిరిగి ఇవ్వాలి, ఉంచుకోకూడదు. అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజులు ముందే మానుకుంటే ఫీజు మొత్తం తిరిగి వస్తుంది, ఖర్చు కింద 5 శాతం, గరిష్ఠంగా 5000 రూపాయల దాకా పట్టుకుంటారు. ఆ తర్వాత 90, 80, 50 శాతంగా తగ్గుతూ, చివరి తేదీ దాటి 30 రోజులైతే ఏమీ రాదు. మానుకుంటున్నట్టు ఉత్తరం రాసి, ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకున్న కాపీ మీ దగ్గర ఉంచుకోండి. టీసీ మాత్రం మొదట చేరినచోట ఇచ్చేసి ఉంటారు కనుక, ఆ ఉత్తరంలోనే దాన్ని తిరిగి అడగండి.